పళ్లెమంత పురుగు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనకోడలు ఫోన్ చేసింది. కొత్తగూడెంలో డిగ్రీ చదువుతోంది, జువాలజీ. మామూలుగా నాకు ఫోన్ చేసిందంటే వాళ్లమ్మ మీద ఏదో ఒక ఫిర్యాదు ఉంటుంది. ఈసారి అదీ లేదు.

"మామా, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులను పట్టే బోను చేస్తున్న. కాలేజీ ప్రాజెక్టు. బకెటు దొరికింది, గరాటు దొరికింది. లైటు కాడ ఆగిపోయిన. ఏ లైటు పెట్టాలె?"

"నన్నెందుకు అడుగుతున్నవ్?"

"అమ్మ నిన్నే అడగమన్నది. ఆ డిపార్ట్‌మెంటు మీ మామది అన్నది."

వెంటనే ఫోటోలు కూడా పంపింది. ఊదారంగు వెలుగు పట్టీలు, నల్లగా ఉండి నల్లగానే వెలుగుతాయట, అలాంటి బల్బులు, సెల్లు మీద నడిచేవి, ఎండ మీద నడిచేవి. ప్రతి దాని కింద కొన్నవాళ్ల మెచ్చుకోళ్లు, తిట్లు. సాయంత్రం దాకా టైము ఇమ్మన్నాను. అది పెద్ద కోరికేం కాదు. ఇదే ప్రశ్నకు జవాబు కోసం మా ఇంట్లో ఒకప్పుడు ఒక వానాకాలం మొత్తం ఖర్చయింది. దాంతోపాటు ఒక గొడుగు, ఒక టార్చిలైటు, మా నాయన పరువులో కొంత భాగం.

మా ఊరు జూలూరుపాడు దాటి లోపలికి పోతే అడవి మొదలయ్యే చోట ఉంటుంది. అడవి సరిగ్గా ఎక్కడ మొదలవుతుందనే విషయంలో ఫారెస్టు వాళ్లకూ మా ఊరివాళ్లకూ అభిప్రాయభేదం ఉండేది. పురుగులకు ఆ భేదం లేదు. పొద్దుగూకి దీపం ముట్టించగానే అడవి నేరుగా ఇంట్లోకి వచ్చేసేది. పప్పులో పడేది, పుస్తకం మీద నడిచేది, మా నాయనమ్మ చెవిలో దూరి ఆమెచేత రకరకాల మాటలు అనిపించేది.

మా నాయన కరెంటు లైన్‌మన్. ఊళ్లో కరెంటు ఉన్నంతసేపూ ఎవరికీ గుర్తుండడు. పోగానే అందరికీ గుర్తొస్తాడు. ఆ లెక్కన ఊరు మొత్తంలో జనం ఎక్కువగా తలచుకునే మనిషి ఆయనే.

అక్క ఏడో తరగతి, నేను ఐదు. రెండు క్లాసులకూ మధ్య గోడ లేదు, ఒకటే వరండా. అందుకని నాకు ఏడో తరగతి పాఠాలు కూడా వినపడేవి. రెండు క్లాసుల చదువూ ఒకేసారి తలకెక్కలేదు. కానీ ఆ రోజు జరిగింది మాత్రం మొత్తం విన్నాను.

సైన్సు సారు సీతాకోకచిలుకల పాఠం చెబుతున్నాడు. సారుది ఎర్రుపాలెం వైపు. మేము ‘ఏంది’ అనే చోట ఆయన ‘ఏమిటి’ అనేవాడు. రోజూ తెల్లచొక్కా, జేబులో పెన్ను, చేతిలో అడుగుబద్ద. ఆ బద్దతో ఆయన ఎవరినీ కొట్టగా చూడలేదు, అన్నింటినీ కొలిచేవాడు. వంకాయ తెచ్చినా కొలిచేవాడు, వానపామును తెచ్చినా కొలిచేవాడు. ఆయన సీతాకోకచిలుక ఎంత ఉంటుందో వేళ్లతో చూపిస్తుంటే, అక్క లేచి నిలబడింది.

"సార్, నేను గింతకంటె పెద్దది చూసిన. నాయనమ్మతోని పుట్టగొడుగులకు పోయినప్పుడు. పొద్దుపొద్దుగాల గుంపెన చెట్టుకు అతుక్కొని ఉండె. లేత పచ్చగ, కింద రెండు తోకలు."

"ఎంత ఉందమ్మా?"

అక్క ఆలోచించుకుని ఉంటే బాగుండేది. కానీ ఆలోచించడం ఆమె పద్ధతి కాదు.

"సత్తుపళ్లెమంత సార్."

వరండా మొత్తం నవ్వింది. ఐదో తరగతి కూడా నవ్వింది. నేను నవ్వలేదని ఇప్పటికీ చెబుతుంటాను.

"కోతలు కోయకూడదమ్మా" అన్నాడు సారు, కోపం లేకుండానే. "చూసిన దాన్ని చూసినంతే చెప్పాలి. నాకు చూపించు, నమ్ముతాను."

సారు ‘కోతలు’ అన్నదాన్ని క్లాసు వెంటనే మా భాషలోకి మార్చుకుంది. గప్పాలు! గప్పాలు కొడుతున్నది! వెనక బెంచీలో ఒక లావుపాటి పిల్లవాడు ఉండేవాడు, కిరాణా కొట్టు వాళ్ల అబ్బాయి. వాడు ఇంకా కుదించాడు. మర్నాడు బడి గేటులో అడుగుపెట్టగానే, "పళ్లెం వచ్చింది రో!" అన్నాడు. మధ్యాహ్నం, "ఏం పళ్లెం, అన్నం తిన్నవా?" సాయంత్రం, "పళ్లెం, తోముకున్నవా?"

పేరు అంత బాగా కుదిరింది మరి. అక్క ఏడవలేదు. ఆ రాత్రి మాత్రం అన్నం పళ్లెంలో పెట్టుకోకుండా గిన్నెలో పెట్టుకొని తిన్నది. మర్నాడూ గిన్నెలోనే. అమ్మ ఇంకొంచెం పెద్ద గిన్నె తీసిపెట్టింది.

పైగా దసరాకల్లా సారు ట్రాన్స్‌ఫరై సొంతూరి వైపు పోతాడని ఒక వార్త. సారు చూడకుండా పోయాడంటే ఇక ఆ పేరు ఊళ్లోనే ఉండిపోతుంది. మా ఊళ్లో పేర్లు అట్లాగే ఉండిపోతాయి. ఒకాయన చిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి చెట్టు మీదినుంచి పడ్డాడు, మనవలు పుట్టినా ఆయన జారుడే.

"పట్టాలె" అన్నది అక్క.

"ఎట్ల?"

"దీపం పెడితే పురుగులొస్తయి గదా. అది సుత పురుగే. పెద్ద పురుగుకు పెద్ద దీపం."

ఈ సిద్ధాంతంలో తప్పు ఉందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం దీనికంటే గొప్ప మాట నేను వినలేదు.

బోను అక్కే తయారుచేసింది. కింద వెదురు బుట్ట. దాని మీద నాయనమ్మ పాత గొడుగు తిరగేసి, నడుమ బట్టకు బొక్క చేసి, గరాటులాగా కూర్చోబెట్టింది. చుట్టూ చిరిగిన దోమతెర గుడ్డ. పైన దీపం వేలాడుతుంది. దీపం చూసి వచ్చిన పురుగు గొడుగులో పడి, జారి, బుట్టలో చేరాలి. నాయనమ్మ వచ్చి ఆ బొక్కలోంచి చెయ్యి దూర్చి చూసింది.

"వానకు నేనేం పట్టుకొని పోవాలె?"

"పాతదే గదా నాయనమ్మా."

"నేను సుత పాతదాన్నే. నాకు సుత బొక్క చేస్తవా?"

మొదటి దీపం కిరసనాయిలు బుడ్డి. పొద్దుగూకగానే ముట్టించి, పందిరి గుంజకు కట్టి, ఇద్దరం అరుగు మీద ఊపిరి బిగపట్టుకొని కూర్చున్నాం. పురుగులు వచ్చాయి. చిన్నచిన్నవి, బూడిదరంగువి. వచ్చినవి వచ్చినట్టు మంటలోకే పోయాయి. చిటపటమని శబ్దం, వెంట్రుకలు కాలిన వాసన.

"మనం పట్టి తేవాల్నా, కాల్చి తేవాల్నా?" అన్నాన్నేను.

అక్క బుడ్డిని ఊది ఆర్పేసింది. మంట ఉన్న దీపం పనికిరాదని ఆ రోజు తేలింది. పరిశోధన అంటే ఇదేనని తర్వాత కాలేజీలో చెప్పారు గానీ, అంత వాసన లేకుండా చెప్పారు.

రెండోది మూడు సెల్లుల టార్చిలైటు. మంట లేదు, గాలికి ఆరదు, గొడుగు కర్రకు చక్కగా కట్టవచ్చు. ఒకటే ఇబ్బంది, అది నాయనది. పొద్దుటికి బుట్టలో నల్ల పేడపురుగులు రెండు ఒకదాని మీద ఒకటి కూర్చొని ఉన్నాయి. టార్చిలో మాత్రం ఏమీ మిగల్లేదు. మర్నాడు చీకటి పడే వేళకు నాయన స్తంభమెక్కి ఫ్యూజు చూద్దామని టార్చి నొక్కితే, అది బీడీ కొసలాగా ఎర్రగా ఒకసారి కనపడి ఊరుకుందట. కింద ఊరి పెద్దమనుషులు. పైన నాయన.

"కరెంటాయనకే కరెంటు లేకపాయె!" అని కిందినుంచి ఎవరో అన్నారట. ఇంటికి వచ్చి చొక్కా విప్పుతూ ఆ మాట మాకు చెప్పాడు. కోప్పడలేదు.

"ఇగ నా సామాను ముట్టద్దు" అన్నాడు. ఆగి, "ఏమన్న పడిందా?" అని అడిగాడు.

"రెండు పేడపురుగులు."

"మంచిది" అని అన్నం తినడానికి కూర్చున్నాడు.

మూడోదాన్ని తలచుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్లూరుతాయి. మా ఊరి సెంటరులో ఒక చాచా ఉండేవాడు. పెళ్లిళ్లకు గిన్నెలు, షామియానాలు, పెట్రోమాక్స్ లైట్లు కిరాయికి ఇచ్చేవాడు. ఆషాఢమాసం కాబట్టి పెళ్లిళ్లు లేవు. లైట్లన్నీ కొట్టులో వరసగా వేలాడుతున్నాయి, గబ్బిలాల్లాగా.

"ఏం బేటా, ఎవరి షాదీ?" అన్నాడు చాచా, అక్కను చూసి.

అక్క పళ్లెం సంగతి దాచకుండా మొత్తం చెప్పింది. చాచా నవ్వలేదు. గడ్డం గోక్కున్నాడు.

"లైట్లు ఖాళీగ ఉంటే ఖరాబైతయి. తీస్కపో. నడిస్తే నాకే మంచిది. కానీ నేనే ముట్టిస్తా. మీకియ్య, చెయ్యి కాలుతది."

ఆ సాయంత్రం వాన వెలిసింది. తడిమట్టి వాసన, దాని మీద కిరసనాయిలు వాసన. చాచా మా వాకిట్లో గొంతు కూర్చొని పంపు కొడుతుంటే ఆ లైటు ముందు పాములాగా బుసకొట్టి, తర్వాత ఒక్కసారి భగ్గుమని, గోడలూ గొడ్లూ మా ముఖాలూ అన్నీ తెల్లగా చేసేసింది. నేను ఎగిరి గంతేశాను. ఇంత వెలుగు చూస్తే ఆ పచ్చపురుగే కాదు, దాని చుట్టాలు కూడా రావాల్సిందే అనిపించింది.

మొదట వచ్చింది పక్కింటి పెద్దమ్మ. గోడ మీదినుంచి తల పెట్టింది.

"ఆషాఢంల పెండ్లేంది, అవ్వా?"

"పురుగు పెండ్లి" అన్నది నాయనమ్మ.

అప్పుడు లేచాయి. చెదపురుగులకు మొదటి వానల్లో రెక్కలు వస్తాయి, ఉసిళ్లు. దొడ్డి వెనక పుట్టలోంచి పొగ లేచినట్టు లేచాయి. వాకిలి మొత్తం రెక్కలే. లైటు చుట్టూ తిరిగి గొడుగులో పడుతున్నాయి, జారుతున్నాయి, బుట్టలోకి పోతున్నాయి. బోను అద్భుతంగా పనిచేస్తోంది. అదే కష్టమైపోయింది. ఎందుకంటే మా వైపు వాన వెలిసిన సాయంత్రం లైటు పెట్టి, కింద ఏదన్నా గిన్నె లాంటిది ఉంచితే, చూసిన ప్రతివాళ్లకూ ఒకటే అర్థమవుతుంది. అక్క చెప్పేలోపే పక్కింటి పెద్దమ్మ గంగాళం తెచ్చింది, నాయనమ్మ అందులో నీళ్లు పోసింది, ఎదురింటివాళ్లు చీపుర్లు తెచ్చారు.

"అది కాదు! మనకు గివి వద్దు!" అని అక్క అరుస్తోంది.

"నీక్కావాల్సింది నీకు రాలే. మాక్కావాల్సింది మాకొచ్చింది" అన్నది నాయనమ్మ, నీళ్లల్లోంచి దోసిళ్లతో తీస్తూ. "ఇన్నేండ్ల సంది చదువుకుంటున్నరు. ఇయ్యాల పనికొచ్చింది."

పెనం మీద వేసి వేయించి, చేటలో రెక్కలు చెరిగి, ఉప్పూ కారం చల్లి, కొన్ని మరమరాలు కలిపి తెచ్చింది. కరకరమని, కమ్మగా, పుట్నాల మధ్యన నేతిచుక్క పడ్డట్టు. చాచా కూడా వద్దు వద్దంటూనే ఒక పొట్లం కట్టించుకొని పోయాడు. అక్క తిననని ఒట్టు పెట్టుకుంది. తర్వాత తిన్నది. గిన్నెలో.

ఆ తర్వాత కొన్నాళ్లు మా వాకిట్లో లైటు వెలగనియ్యలేదు అక్క. నాయనమ్మ మాత్రం రోజూ, "పురుగు రాలేదా ఇంక? ఇంకోసారి పెట్టరాదూ" అని ఆశగా అడిగేది.

మరి ఏ లైటు? అక్కకు ఒక సంగతి తట్టింది. సెంటరులో బస్సు ఆగే చోట స్తంభానికి ఒకప్పుడు పాదరసం దీపం ఉండేది. అది వెలిగే రోజుల్లో పొద్దున బస్సుకు పోయేవాళ్లు స్తంభం కింద పెద్దపెద్ద రెక్కలు ఏరేవారు. నీలం కలిసిన తెలుపు వెలుగు అది. బుడ్డి పసుపు, టార్చి పసుపు, పెట్రోమాక్స్ కొంచెం తెలుపు. పెద్దదీపం కాదు కావాల్సింది, నీలిదీపం. అక్క ఇది కనిపెట్టిన సాయంత్రం నన్ను భుజాలు పట్టి ఊపేసింది. కానీ ఆ బల్బు పోయి ఏడాది దాటింది. నాయన పైకి రాస్తూనే ఉన్నాడు, పైవాళ్లు చదువుతూనే ఉన్నారు.

ఒకరోజు బల్బు వచ్చింది.

ఊరంతా సంబరం. అందరికంటే ఎక్కువ సంబరం టీ హోటలు ఆయనది, ఎందుకంటే ఆ స్తంభం ఆయన హోటలు ముందే ఉంది. నాయన నిచ్చెన వేసుకొని వచ్చాడు. హోటలు స్తంభం దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత నిచ్చెన భుజానికెత్తుకొని రోడ్డు దాటి, బడి గోడ పక్కనున్న స్తంభానికి ఆనించాడు. అక్కడ బిగించాడు.

"ఏందన్నా, గట్ల చేసినవ్?" అని హోటలాయన మొత్తుకున్నాడు.

"అక్కడికి వైరు అందలే" అన్నాడు నాయన.

వైరు చుట్ట ఆయన భుజానికే ఉంది, కావలసినంత. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అక్కను ఒకటే అడిగాడు.

"బడి గోడకు మొన్ననే సున్నం కొట్టిన్రు గదా. తెల్లగనే ఉందా?"

అక్క తల ఊపింది. అంతే. దాని గురించి వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోగా నేను వినలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బోనుతో సహా అక్కడున్నాం. అక్క తరగతి పిల్లలు సగంమంది వచ్చారు. కొట్టు వాళ్ల అబ్బాయి బెల్లంముక్క చప్పరిస్తూ, "పళ్లెం, ఇయ్యాల కూర ఏంది?" అని అడిగాడు. స్విచ్ వేశారు. ఆ దీపం వెంటనే వెలగదు. ముందు ఊదారంగులో మూలిగింది, కొంచెం గులాబీ అయింది, తర్వాత మెల్లగా తెల్లబడుతూ, తెల్లబడుతూ, గోడ మొత్తం నీలి తెలుపులో మునిగిపోయింది. అంత అందమైనది ప్రభుత్వం మా ఊరికి ఇంకేదీ ఇవ్వలేదు.

పురుగులు గోడ మీద వాలడం మొదలుపెట్టాయి. మచ్చలవి, మీసాలవి, ఎండుటాకులాంటివి, ఎర్ర పొట్టవి. మేము గోడ వెంబడి పరుగులు పెట్టాం. ఇదిగో, అదిగో, జరుగు, తొక్కకు! ప్రతి అరుపుకూ అక్క ఉరికి వచ్చేది, చూసేది, కాదని తల ఊపేది.

అప్పుడు సైన్సు సారు వచ్చాడు. బడి వెనకాలే ఆయన ఇల్లు, అక్కడ వోల్టేజి లేదు. కొత్త దీపం కింద పేపరు చదువుకుందామని వచ్చినట్టున్నాడు. ఉతికిన తెల్లచొక్కా. మమ్మల్ని చూసి, "బాగుంది, కానివ్వండి" అని, దీపానికి వీపు పెట్టి, పేపరు విప్పుకొని నిలబడ్డాడు. రాయిలాగా నిలబడి చదువుతాడాయన.

అది వచ్చింది.

ఎవరో తడి రుమాలు విసిరినట్టు చీకట్లోంచి వచ్చింది. దీపం చుట్టూ రెండుసార్లు తిరిగింది. లేత పచ్చ, రెక్కకొక కన్ను, కింద రెండు పొడుగాటి తోకలు గాలికి ఊగుతున్నాయి. కొట్టు వాళ్ల అబ్బాయి నోట్లోంచి బెల్లం కిందపడింది. ఆ పురుగు తెల్లగోడ వైపు వచ్చింది, గోడను వదిలేసింది, మెల్లగా దిగి సారు వీపు మీద వాలింది. రెండు రెక్కలూ పరుచుకొని, ఇంటికి వచ్చినట్టు కూర్చుంది.

"సార్" అన్నది అక్క, "జర కదలకున్రి."

"ఏమిటర్రా?"

"మీ వీపు మీద ఉంది సార్."

"ఏముంది?"

"పళ్లెం సార్!" అన్నాడు కొట్టు వాళ్ల అబ్బాయి.

సారు కుడివైపు తల తిప్పాడు, కనపడలేదు. ఎడమవైపు తిప్పాడు, కనపడలేదు. గిరుక్కున వెనక్కి తిరిగాడు, ఆయనతో పాటు అది కూడా తిరిగింది. ఊరంతటికీ కనపడుతున్నది ఆ ఒక్కడికే కనపడలేదు. చూపించాల్సింది ఆ ఒక్కడికే.

"పట్టు, పట్టు!" అని నేను అక్కను పొడిచాను. చెయ్యి చాస్తే అందుతుంది.

"సారును ముట్టుకుంటార్రా?" అన్నది అక్క. నిజమే. మా ఊళ్లో సారు పాదాలు ముట్టుకోవచ్చు. వీపు ముట్టుకోవడం ఎవరూ ఎప్పుడూ చేయలేదు. బుట్ట బోర్లించడం అసలే లేదు. ఆమెకు ఒకటే దారి కనపడింది.

"సార్, జర చొక్కా ఇడ్వున్రి."

సారు ముఖం గంభీరమైపోయింది.

"నడిబజార్లో చొక్కా విప్పమంటావా? బాగుందమ్మా ఆట." పేపరు నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకొని, ఇంటికి నడిచాడు. వీపు మీద పచ్చటి రెక్కలు, తెల్లచొక్కా మీద జెండా కుట్టినట్టు, అడుగుకొకసారి వణుకుతూ. మేమందరం కదలకుండా చూశాం. ఆయన మలుపు తిరిగాడు. అక్క గెలుపు కూడా ఆయనతోపాటే మలుపు తిరిగింది.

మర్నాడు తరగతి మొత్తం సాక్ష్యం చెప్పింది. అందరికంటే గట్టిగా కొట్టు వాళ్ల అబ్బాయి. "తల్లి తోడు సార్, మీ మీదనే ఉండె!"

"ఉండవచ్చు" అన్నాడు సారు. "కానీ నేను చూడలేదు కదా. చూడనిదాన్ని చూశానని ఎలా చెప్పను?"

అప్పుడే సారు వాళ్ల భార్య గేటు తోసుకొని వచ్చింది. చేతిలో ఆ తెల్లచొక్కా.

"ఏమండీ, నిన్న ఎక్కడ ఆనుకున్నారు? వీపు మీద ఇవేమిటో అంటుకున్నాయి. సబ్బు పెట్టినా పోవట్లేదు, గోకినా రావట్లేదు."

సారు చొక్కా బల్ల మీద పరిచాడు. నడి వీపున కొన్ని గింజలు. గసగసాల కంటే పెద్దవి, జొన్నల కంటే చిన్నవి, గోధుమరంగు మచ్చలతో, జిగురు పెట్టి అతికించినట్టు. సారు అడుగుబద్ద తీశాడు. కొలిచాడు. భూతద్దం తెచ్చి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"గుడ్లు" అన్నాడు. తర్వాత అక్క వైపు చూసి, "నువ్వు చూసిన చెట్టు ఏదన్నావు?"

"గుంపెన చెట్టు సార్."

"ఆకులు తెండి."

అందరికంటే ముందు పరిగెత్తింది అక్కను పళ్లెం అన్నవాడే. సారు భార్య, "కొత్త చొక్కా అండీ!" అంటూనే ఉంది. ఆ చొక్కా ఇక ఆమె ఇంటికి పోలేదు. బడి కిటికీకి వేలాడుతూ ఉండిపోయింది, మా తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడిలాగా.

గుడ్లు పగిలాయి. దారప్పోగు ముక్కల్లాంటి పిల్లపురుగులు వచ్చాయి. అక్క వాటిని కోడిరెక్క ఈకతో ఆకుల మీదికి ఎక్కించింది. కొన్ని చచ్చిపోయాయి, కొన్ని చీమల పాలయ్యాయి. మిగిలినవి తిన్నాయి. అబ్బ, ఏం తిన్నాయి! మధ్యాహ్నం బెల్లు కొట్టాక మా తిండి శబ్దం కంటే వాటి తిండి శబ్దం ఎక్కువ వినపడేది. బొటనవేలంత లావయ్యాయి, పచ్చగా, ఒళ్లంతా ముడులు. సారు రోజూ కొలిచేవాడు. నాయనమ్మ ఒకరోజు వచ్చి చూసి, "గివి వేయిస్తే..." అని మొదలుపెట్టింది. అక్క ఆమెను చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకుపోయింది. తర్వాత అవి ఒక్కొక్కటిగా ఆకులు చుట్టుకొని గూడు కట్టుకొని లోపల పడుకున్నాయి.

సారుకు ఆర్డరు వచ్చింది. ఆయన ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న సొంతూరి వైపు. రిజిస్టర్లు చూడాలి, చార్జి అప్పగించాలి అంటూ రోజులు గడిపాడు. రిజిస్టర్లు ఎప్పుడో అయిపోయాయని అందరికీ తెలుసు. గూళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఆఖరికి సామాను బండికి ఎక్కింది. పది గంటల బస్సుకు పోవాలి. బడిలో అందరం లేచి నిలబడి ఉన్నాం.

"సార్" అన్నది అక్క. "గూడు తడిసింది."

ఒక గూడు కొస తడిగా ఉంది. లోపలినుంచి గీకుతున్న శబ్దం. ఒక తల, ఈకల్లాంటి మీసాలు, తర్వాత తెల్లటి మెత్తటి ఒళ్లు. రెక్కలు మాత్రం రెండు నలిగిన గుడ్డపీలికలు. అది ఈడ్చుకుంటూ పోయి కిటికీకి ఉన్న సారు పాత చొక్కా అంచు పట్టుకొని వేలాడింది. పీలికల్లోకి మెల్లగా ప్రాణం దిగింది. అంగుళం అంగుళం, పిండిన బట్ట ఎండకు విచ్చుకున్నట్టు. లేత పచ్చ, ఒక కన్ను, ఇంకో కన్ను, చివరికి రెండు తోకలు. రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. మళ్లీ కొట్టింది. సారు వినలేదు. బస్సు వెళ్లిపోయింది.

కొట్టు వాళ్ల అబ్బాయి ఎప్పుడు ఉరికాడో, ఇంటినుంచి సత్తుపళ్లెం పట్టుకొచ్చాడు. వాడిలో దుర్మార్గం లేదు, ఉత్సాహమే. ఆ పురుగు పక్కన పట్టుకున్నాడు. పళ్లెం పెద్దది. చాలా పెద్దది. అందరికీ కనపడుతోంది. అక్క తల దించుకుంది.

సారు అడుగుబద్ద తీశాడు. చూశాడు. పురుగును చూశాడు, పళ్లెం చూశాడు, అక్కను చూశాడు. బద్దను చంకలో పెట్టేసుకున్నాడు. ఆయన కొలవకుండా వదిలేసింది నా ఎరుకలో అదొక్కటే.

"పళ్లెం కొంచెం పెద్దది" అన్నాడు.

ఆ రాత్రి మా ఇంట్లో అక్క పళ్లెంలో అన్నం తిన్నది. అమ్మ ఆ పెద్దగిన్నెను తోమి, అటక మీద పెట్టేసింది.

అక్క ఇప్పుడు కొత్తగూడెంలో ఒక దవాఖానాలో హెడ్ నర్సు. ఆమె జ్వరముందంటే ఉన్నట్టే, డాక్టర్లు కూడా మళ్లీ చూడరు. నాయన, నాయనమ్మ లేరు. మొన్నొకసారి ఊరికి పోతే ఆ స్తంభానికి కొత్తరకం దీపం ఉంది, స్విచ్ వేయగానే వెలుగుతుంది, కింద రెక్కలు ఏమీ పడవు. బడి గోడ మీద ప్రకటనలు. కొట్టు వాళ్ల అబ్బాయి ఇప్పటికీ కొట్లోనే ఉన్నాడు. నన్ను చూసి, "పళ్లెం బాగుందా?" అని అడిగాడు, ప్రేమగా.

సాయంత్రం మేనకోడలికి ఫోన్ చేశాను. "పాదరసం దీపం ఇప్పుడు దొరకదు. ఆ ఊదారంగు పట్టీ తీసుకో. తెల్లగోడ చూసుకో, లేకుంటే దుప్పటి కట్టు. ఉసిళ్లు పడితే మీ అమ్మకు చెప్పకు, వేయించేస్తది. అన్నిటికంటే ముఖ్యం, తెల్లచొక్కా వేసుకొని కదలకుండా పేపరు చదివే సారు ఒకాయన కావాలె. ఆయన దొరికితే లైటు ఏదైనా నడుస్తది."

వెనకనుంచి అక్క గొంతు వినపడింది. "నేను చెప్పింది చిన్న పళ్లెం అని చెప్పవే వానికి!"

మేనకోడలు నవ్వి, గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పు మామా. పళ్లెమంత ఉంటదా?"

"ఉంటది" అన్నాను. "ఈ పళ్లేలే కొంచెం పెద్దగ చేస్తున్రు."